ముల్లు మధ్యలోనే ఉంది

మంగళవారం ఉదయం ఆరున్నరకి, కొండ మీది ఆసుపత్రికి నర్సుల్ని తీసుకెళ్తున్న కారు మూడో మలుపు దగ్గర ఆగిపోయింది. ఇంజన్ పట్టేసింది. లోపల ఉన్న ఆరుగురికీ ఏమీ కాలేదు. వాళ్లు దిగి, మిగిలిన దారి నడిచి, డ్యూటీ ఎక్కారు. నడిపినవాడు బానెట్ ఎత్తి, ఆవిరి తగ్గేదాకా పక్కన నిలబడ్డాడు. ఓనరు వచ్చి అడిగితే, ఇంజన్ వేడి చూపించే మీటరు గురించి ఒకటే మాట చెప్పాడు.

"ముల్లు మధ్యలోనే ఉంది సార్. పొగ వచ్చాకే ఒక్కసారి లేచింది."

కారుకి తాడు కట్టి షెడ్డుకి లాక్కొచ్చారు. మెకానిక్కు ఇంజన్ హెడ్డు విప్పి, దాని మీద ఇనుప స్కేలు ఆనించి, ఒక కన్ను మూసి చూశాడు. "వంగిపోయింది. ఇది ఒక్క నిమిషంలో జరిగింది కాదు. చాలాసేపు ఉడికింది," అన్నాడు.

ఓనరు డ్రైవరు వైపు తిరిగాడు. "చాలాసేపు ఉడికితే ముల్లు ఎర్రగీత మీదికి పోదా? ఫోను చూసుకుంటున్నావా?"

"లేదు సార్."

"కునుకు పట్టిందా?"

"ముల్లు మధ్యలోనే ఉంది సార్."

చుట్టూ చేరిన డ్రైవర్లలో ఒకడు నవ్వాడు. ఓనరు వాళ్లందరినీ దాటి, గోడ పక్కన పాత టైరు మీద కూచున్న పెద్ద డ్రైవరుని పిలిచాడు. అతన్ని అందరూ నిదానం అంటారు. అసలు పేరు జీతాలిచ్చే రోజున ఓనరుకి మాత్రం గుర్తొస్తుంది. ఎక్కడికైనా చివర బయల్దేరి మొదట చేరతాడని ఆ పేరు వచ్చింది. ఇంజన్ పోగొట్టినవాడు అతని బామ్మర్ది. నిదానం నడిపేదీ అదే మోడలు కారు, ఎక్కేదీ అదే కొండ.

"ఏమయ్యా నిదానం, నువ్వు చెప్పు. నీ బండిలో ముల్లు ఎక్కడుంటుంది?"

నిదానం లేచి నిలబడ్డాడు. ఉన్నమాటే చెప్పాడు.

"నా బండిలో ముల్లు ఎప్పుడూ మధ్య దాటలేదు సార్."

"విన్నావా?" అన్నాడు ఓనరు బామ్మర్దితో. "నడపడమంటే అదీ."

బామ్మర్ది తాళంచెవిని జేబులోంచి తీశాడు. దానికి తగిలించి ఉన్న తన ఇంటి తాళంచెవిని గోటితో విడదీసుకుని, కారుది బల్ల మీద పెట్టాడు. వెళ్లేటప్పుడు బావ వైపు చూడలేదు. ఊళ్లో మిగతా ఓనర్లకి సాయంత్రానికల్లా సంగతి తెలిసిపోయింది. ఇంజన్ కాల్చినవాడికి ఎవరూ బండి ఇవ్వరు.

ఆ రాత్రి నిదానం భార్య కంచం చప్పుడయ్యేలా పెట్టింది.

"అడిగినవాడు ఓనరు. పోయింది నా తమ్ముడి పని. నోట్లో నాలుక ఉంది కదా అని మీరు ఆడించి వచ్చారు."

"అబద్ధం చెప్పమంటావా?"

"మీరు నిజం చెప్పినప్పుడల్లా ఎవడో ఒకడు నా పుట్టింటివాడే మునుగుతాడు. చిత్రం!"

బామ్మర్ది గుమ్మం పక్కన కూచుని తింటున్నాడు. పెళ్లాం, పిల్ల పక్క వీధిలో ఉంటారు. వాళ్లకి ఇంకా చెప్పలేదు. అందుకే ఇంటికి పోకుండా ఇక్కడ కూచున్నాడు.

"బావనేం అనకక్కా. ఆయన బండిలో ముల్లు మధ్యలోనే ఉంటుంది. ఆయన చెప్పిందీ అదే. నా బండిలోనూ మధ్యలోనే ఉంది. నేను చెప్పిందీ అదే."

అని ముద్ద కలపబోయి ఆగాడు. నిదానం కూడా ఆగాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భార్య ఇద్దర్నీ చూసి, "ఏమైంది? ఉప్పెక్కువైందా?" అంది.

మర్నాడు నిదానం కొండ ఎక్కుతూ ముల్లునే చూశాడు. తెల్లారకముందు ఫ్యాక్టరీ షిఫ్టు వాళ్లని దించడానికి తీసినప్పుడు చల్లటి ఇంజన్‌తో అడుగున ఉన్నది, ఊరు దాటేసరికి మధ్యలో నిలబడి ఉంది. మూడో మలుపు దగ్గర రోడ్డు మీద నిన్నటి నూనె మరక ఉంది. అక్కడా ముల్లు మధ్యలోనే ఉంది. ఆసుపత్రి గేటు దగ్గర నర్సులు దిగిపోయాక, ఇంజన్ ఆపకుండా బానెట్ ఎత్తాడు. నీళ్ల డబ్బాలో బుడబుడమని చప్పుడు వస్తోంది. సీసాలోంచి నాలుగు చుక్కలు ఇంజన్ మీద చల్లాడు. చుర్రుమని ఎగిరిపోయాయి. పరుగెత్తుకెళ్లి తలుపు తీసి లోపలికి తొంగి చూశాడు.

ముల్లు మధ్యలోనే ఉంది.

బస్టాండు వెనక సందులో మీటర్లు బాగుచేసే షాపు ఉంది. నడిపేది యాభై దాటిన ఆవిడ. భర్త షాపులో ఉన్నప్పుడు ఆయనకి స్క్రూలు అందించేది. ఆయన స్క్రూలు బిగించే పనిలోంచి పేకాట పనిలోకి మారాక స్క్రూడ్రైవరు తనే పట్టుకుంది. ఊళ్లో డ్రైవర్లందరికీ మీటరమ్మ. నిదానం చెప్పిందంతా విని ఆవిడ నవ్వింది.

"నీ ముల్లు ఎన్నాళ్లబట్టి మధ్యలో ఉంది?"

"కొన్నప్పట్నించీ."

"ఎండలో? వానలో? కొండ మీద? పల్లంలో?"

"ఎప్పుడూ మధ్యలోనే."

"ఎప్పుడూ ఒకటే మాట చెప్పేవాణ్ణి మనిషైతే నమ్ముతావా? ముల్లునెందుకు నమ్మావు?"

కారులోంచి మీటర్ల పలక ఊడదీయించింది. ఇంజన్ పక్కన, నీళ్ల దారిలో ఉండే బొటనవేలంత ఇత్తడి ముక్కని విప్పించింది. నీళ్ల వేడిని ముల్లుకి చెప్పేది అదే. స్టవ్ మీద గిన్నెలో నీళ్లు పోసి, ఇత్తడి ముక్కని తీగతో కట్టి అందులోకి వేలాడదీసింది. గిన్నె అడుగుకి తగలకుండా ఒక కర్రముక్క అడ్డం పెట్టింది. పక్కన గాజు థర్మామీటరు. బ్యాటరీ తీగలు తగిలించబోయి ఆగి, ఛార్జరు మీద మరను కొంచెం తిప్పింది.

"ఇంజన్ నడుస్తున్నప్పుడు కరెంటు కాస్త ఎక్కువ వస్తుంది. ఇక్కడ అంతే ఇవ్వాలి. లేకపోతే షాపులో ఒక లెక్క, రోడ్డు మీద ఒక లెక్క."

నీళ్లు కాగడం మొదలైంది. ముల్లు కదిలింది. గోరువెచ్చన దాటి, వేలు పెట్టలేనంత వేడికి వచ్చేసరికి మధ్యకి చేరింది. అక్కడ ఆగింది. థర్మామీటరులో పాదరసం ఎక్కుతూనే ఉంది. గిన్నె అంచుల్లో బుడగలు లేచాయి. తర్వాత మధ్యలోంచి కూడా లేచాయి. నీళ్లు మరిగి స్టవ్ మీదికి చిందాయి.

"చూడు," అంది మీటరమ్మ. "గిన్నె గంతులేస్తోంది. ముల్లుకి చీమ కుట్టినట్టయినా లేదు."

నీళ్లు పారబోసి, గిన్నె తుడిచి, వంటనూనె పోసింది. నీళ్లు నూరు దాటవు, నూనె దాటుతుంది. కారులో మూత బిగించి ఉన్న నీళ్లు కూడా దాటతాయి. సందులోకి వాసన పోయింది. ఎదురు షాపువాడు తొంగిచూసి, "ఏం వేయిస్తున్నావక్కా?" అన్నాడు.

"ఈయన కారు గుండెకాయ. తింటావా?"

నూనె నూట పదిహేను దాటాక ముల్లు ఒక్క ఉదుటున లేచి ఎర్రగీత మీద పడింది. నిదానం వెనక్కి జరిగాడు.

"కంపెనీవాళ్లే అలా చేశారు," అంది ఆవిడ స్టవ్ ఆపుతూ. "పూర్వం ముల్లు ఉన్నదున్నట్టు కదిలేది. ప్రతి ఎత్తుకీ జనం భయపడి షోరూముకి పరిగెత్తేవాళ్లు. వీళ్ల గోల పడలేక మధ్యలో పడుకోబెట్టేశారు. ఇల్లు కాలాకే లేస్తుంది."

"దీన్ని లేపగలవా?"

"లేపుతాను. లేచాక మళ్లీ పడుకోబెట్టమంటే నావల్ల కాదు. పలక వెనక ముల్లుని పట్టి ఉంచే ముక్క ఊడదీస్తే విరిగిపోతుంది. ఆలోచించుకో."

నిదానం ఆలోచించలేదు. గుమ్మం పక్కన కూచుని తింటున్న బామ్మర్ది గుర్తొచ్చాడు. "లేపెయ్," అన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆవిడ పలక వెనక్కి తిప్పి, ముల్లుని పట్టి ఉంచే చిన్న ముక్కని కాల్చి తీసింది. చెప్పినట్టే రెండుగా విరిగింది. దాని చోట వేరేది అతికించింది. మళ్లీ నీళ్లు, మళ్లీ నూనె. ముల్లు ఈసారి పాదరసంతో పాటే ఎక్కింది, దాంతో పాటే దిగింది. గాజు తీసి రెండు తెల్ల చుక్కలు పెట్టింది. మొదటిది నూరు దగ్గర, రెండోది నూట పది దగ్గర.

"మొదటి చుక్క దాటితే జాగ్రత్త. రెండోది దాటితే ఆపెయ్. అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు."

గురువారం ముల్లు నిజం చెప్పడం మొదలుపెట్టింది. ఊరు దాటేదాకా కుదురుగా ఉంది. ఎత్తు మొదలవగానే కదిలింది. మొదటి మలుపులో మొదటి చుక్క తాకింది. నిదానం అద్దాలన్నీ దించి, హీటరు పూర్తిగా తిప్పాడు. ఇంజన్ వేడి కొంత లోపలికి లాగితే నీళ్లు కాస్త చల్లబడతాయి. డ్రైవర్లకి తెలిసిన ఉపాయమే. ఎక్కినవాళ్లకి మాత్రం తెలియదు.

"అన్నా, మమ్మల్ని ఉడకబెట్టి దించుతావా?" అంది వెనక సీటులోంచి ఒక నర్సు.

పక్క సీటులో పెద్ద నర్సు కూచుంటుంది. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. ఆవిడ వంగి తెల్ల చుక్కలు చూసింది. "మేం రోగులకి పెడితే నువ్వు కారుకి పెట్టావా థర్మామీటరు? ఎంత ఉంది?"

"నూరు దాటింది సిస్టరమ్మా."

"మనిషైతే ఈపాటికి మార్చురీలో ఉండేవాడు."

అందరూ నవ్వారు. మూడో మలుపులో ముల్లు రెండో చుక్క తాకింది. నిదానం కారు పక్కకి తీసి ఆపాడు. నర్సులు దిగి గడియారాలు చూసుకున్నారు. ముల్లు దిగేదాకా ఆగి బయల్దేరేసరికి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీవాళ్లు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్ల మాటలు నిదానానికి కారు అద్దాల్లోంచి కూడా వినబడ్డాయి.

కొండ ట్రిప్పు లేని శుక్రవారం అతను ఓనరుని బతిమాలి మీటరమ్మ షాపుకి తీసుకొచ్చాడు. బామ్మర్దినీ రమ్మన్నాడు. కాలిపోయిన కారులోని పలకనే తెచ్చారు, అనుమానం లేకుండా. ఓనరు స్టూలు మీద కూచుని థర్మామీటరు తనే పట్టుకున్నాడు. నీళ్లు మరిగాయి. ముల్లు మధ్యలో ఉంది. నూనె నూట పది దాటింది. ముల్లు మధ్యలోనే ఉంది. బామ్మర్ది గిన్నె చూడలేదు. ఓనరు మొహం చూస్తూ నిలబడ్డాడు.

"అయితే వీడు అబద్ధం చెప్పలేదు," అన్నాడు ఓనరు.

బామ్మర్ది తల తిప్పి గోడ చూశాడు.

"నా కార్లన్నీ నాకు ఇన్నాళ్లూ అబద్ధం చెప్తున్నాయన్నమాట," అన్నాడు ఓనరు. "అమ్మా, అన్నిటికీ చుక్కలు పెట్టు. ఒరేయ్, నువ్వు రేపట్నించి పనిలోకి రా. మూల పడున్న బండి తీసుకో." లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "ఇక ముల్లు మధ్యలో ఉందని నా దగ్గర ఎవడూ అనడానికి లేదు. ఇప్పుడు ఇంజన్ పోతే, చూస్తూ పోగొట్టినట్టే."

నిదానం అడ్డొచ్చాడు. "సార్, రేడియేటర్లు సగం పూడిపోయాయి. అవి మారిస్తే ముల్లు అంత దూరం రాదు."

"ఆసుపత్రివాళ్లు కాంట్రాక్టు మళ్లీ ఇస్తే చూద్దాం. నిన్న నువ్వు ఆలస్యం చేశావని ఫోన్ చేశారు. నీ బండే! ఇంకా ఇలాగే అయితే వేరేవాళ్లని పెట్టుకుంటారట."

"పావుగంట ముందు బయల్దేరితే..."

"రాత్రి షిఫ్టు వాళ్లని ఫ్యాక్టరీ నించి ఇళ్లకి దించేది ఎవరు, మీ తాతా? అది అయ్యాకే కదా కొండ."

"పోనీ బండికి నలుగుర్నే ఎక్కించుకుంటే..."

"మిగతావాళ్లని నెత్తిన పెట్టుకుని మోస్తావా?" ఓనరు గొంతు కోపంగా లేదు. "చూడు నిదానం. రెండో చుక్క దాటితే ఆపండి. నేను వద్దనను. ఆలస్యం మాత్రం కాకూడదు."

ఓనరు వెళ్లిపోయాక మీటరమ్మ గిన్నె తోముకుంటూ, "రెండూ ఆయనే చెప్పాడు. మధ్యలో నువ్వున్నావు," అంది.

ఆ రాత్రి ఇంట్లో కంచం చప్పుడు కాలేదు. భార్య తమ్ముడికి రెండోసారి వడ్డించి, మొగుడికీ వడ్డించింది. "ఉన్నమాట చెప్పడం ఇప్పుడు నేర్చుకున్నారు," అంది. ఈ మూడు రోజుల్లో ఆమె అతనితో నవ్వుతూ అన్న మొదటి మాట అది. నిదానం ఓనరు చెప్పిన మిగతా సగం ఆమెకి చెప్పలేదు.

మీటరమ్మ రాత్రికి రాత్రే అన్ని బండ్లకీ చుక్కలు పెట్టింది. శనివారం కొండ ట్రిప్పు బామ్మర్దికి పడింది. రెండో చుక్క దాటగానే ఆపాడు. ఆలస్యమైంది. మధ్యాహ్నం ఓనరు పిలిచి, "వచ్చిన రోజే మొదలెట్టావా? ఇది రెండు," అన్నాడు. మూడు అయితే ఏమవుతుందో చెప్పలేదు.

ఆదివారం సాయంత్రం బామ్మర్ది బావ ఇంటికి వచ్చాడు. కూతుర్ని ఎత్తుకుని వచ్చాడు. పిల్లని అక్క చేతికిచ్చి గుమ్మం పక్కన కూచున్నాడు.

"బావా, నా బండికి పాత ముల్లు పెట్టించు."

"ఏమన్నావు?"

"పాతదే పెట్టించు. ముల్లు లేస్తుంటే నాకు చేతులు చల్లబడుతున్నాయి. రోడ్డు చూడటం లేదు నేను. నిన్న రెండో మలుపులో లారీవాడు హారన్ కొట్టకపోతే ఈ పిల్లకి మీరే దిక్కయ్యేవారు."

భార్య పిల్లని భుజం మార్చుకుంది. "నువ్వేగా, ముల్లు మధ్యలోనే ఉంది, ఎవరూ నమ్మట్లేదు అని ఏడ్చావు?"

"అవునక్కా. అప్పుడు తెలియక పోగొట్టాను. అబద్ధమన్నారు. ఇప్పుడు తెలిసి పోగొట్టాలి. ఏమంటారో!"

"ఆపెయ్ మరి."

"ఆపితే మానిపిస్తారు."

"ఆపకు."

"ఆపకపోతే ఇంజన్ పోతుంది."

ఆమె ఇంకేదో అనబోయి మొగుడి వైపు చూసింది. తమ్ముడి వైపు చూసింది. పిల్ల ఆమె చెవి పట్టుకుని లాగుతోంది. "మీ ఇద్దరికీ వేరే పనే రాదా?" అని లోపలికి వెళ్లిపోయింది.

వాళ్లిద్దరూ మీటరమ్మ ఇంటికి వెళ్లారు. ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది. మిగతా ఇద్దరు డ్రైవర్లు అప్పటికే వచ్చి అదే అడిగి వెళ్లారంది. "విరిగిన ముక్కలు చెత్తలో పోశాను. ఉన్నా పెట్టను. ఓనరు రేపు నన్నడుగుతాడు. లేపేముందు చెప్పానా లేదా?"

"చెప్పావు," అన్నాడు నిదానం.

సోమవారం బామ్మర్ది ముందు కారులో, నిదానం వెనక కారులో బయల్దేరారు. రెండో మలుపు దాటాక నిదానం ముల్లు రెండో చుక్కకి చేరువైంది. ముందు కారు వెనక దీపాలు చూస్తున్నాడు, అవి వెలుగుతాయేమోనని. మూడో మలుపు వచ్చింది. దీపాలు వెలగలేదు. ముందు కారు ఆగకుండా మలుపు తిరిగిపోయింది. నిదానం ముల్లు వైపు చూశాడు. చుక్క దాటింది. మళ్లీ చూశాడు.

"రోడ్డు చూడు!" అని పెద్ద నర్సు అతని మోచెయ్యి పట్టుకుంది.

ఎదురొచ్చిన పాలవ్యాను పక్క అద్దం అతని అద్దాన్ని రాసుకుంటూ పోయింది. అద్దం ముడుచుకుని తలుపుకి కొట్టుకుంది. కారు ఆపాడు. పది నిమిషాలు ఆలస్యంగా గేటు చేరాడు.

బామ్మర్ది కారు అప్పటికే నీడలో నిలబెట్టి ఉంది. బానెట్ ఎత్తి లేదు. నిదానం వెళ్లి కిటికీలోంచి లోపలికి చూశాడు. మీటర్ల పలకలో, వేడి ముల్లు ఉండే చోట, గాజు మీద తెల్లటి ప్లాస్టరు అడ్డంగా అతికించి ఉంది. గాయాల మీద వేసేది. అంచులు కత్తెరతో సమంగా కత్తిరించారు.

"ఎవరిచ్చార్రా?"

"నా బండిలో ముందు కూచునే సిస్టరు. ఆవిడకీ చూడలేక భయమట." బామ్మర్ది సీటులో వెనక్కి వాలి ఉన్నాడు. వారం రోజుల్లో మొదటిసారి అతని భుజాలు కిందికి ఉన్నాయి. "హాయిగా వచ్చాను బావా. రోడ్డు చూసుకుంటూ."

"తీసెయ్."

"తీస్తే?"

నిదానం ముందుకెళ్లి బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. వెంటనే తీసేశాడు. అరచెయ్యి చూసుకుని, ప్యాంటుకి రాసుకుని, తన కారు వైపు నడిచాడు.

మధ్యాహ్నం ఓనరు అతన్ని పిలిచాడు. తిట్టలేదు. "నువ్వు కూడానా నిదానం?" అన్నాడు. "రేపొక్కటి చూస్తాను."

మంగళవారం ఉదయం నర్సులు ఎక్కుతుండగా నిదానం స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూచున్నాడు. పెద్ద నర్సు పక్కన కూచుని, తలుపు వేసి, సంచీ ఒళ్లో పెట్టుకుంది. ఒక పక్క అద్దానికి తాడు కట్టి ఉంది. ఆవిడ దాన్ని చూసింది. అతను ఆవిడ వైపు చూడకుండా అడిగాడు.

"సిస్టరమ్మా, ప్లాస్టరు ఉందా?"

"దెబ్బ తగిలిందా?"

అతను ముల్లు వైపు చూశాడు. ఆవిడ తెల్ల చుక్కలు చూసింది. సంచీలో వెతికి చిన్న ప్లాస్టరు చుట్టా, కత్తెరా తీసింది.

ఆరున్నరకి రెండు కార్లూ మూడో మలుపు దాటాయి. ఏదీ ఆగలేదు. రెండింటిలోనూ ముల్లు మీద ప్లాస్టరు ఉంది.